రెండుసార్లు కుట్టిన బిళ్ళ

ఈ ప్రయాణం గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నేను తయారు చేస్తున్న స్కౌటు బిళ్ళల పట్టికలో దీనికి దక్కేది ఒక్క పంక్తి మాత్రమే: ముదురు నీలం ఉన్ని గుడ్డ, పసుపు పట్టుదారం, చేతి కుట్టు, హైదరాబాదు సంస్థానపు దళం. రేపు ఆ పంక్తి చదివినవాడు బిళ్ళ చూపించమంటాడు. నా దగ్గర లేదు. లేనిదాన్ని నిజమైనదని ఎలా రాశావంటాడు. ఆ ప్రశ్నకు జవాబు పట్టికలో పట్టదు. పైగా మా గ్రంథాలయంలో సాయంత్రం పూట కూర్చునే మిత్రులిద్దరు, నేను సిద్దిపేట దాకా పోనే లేదనీ, హైదరాబాదులో బిర్యానీ తింటూ కూర్చుని తిరిగి వచ్చాననీ ఇప్పటికే చెప్పుకుంటున్నారు. కనుక రాయక తప్పదు.

బిళ్ళల సంగతి తెలియనివారికి రెండు మాటలు చెబుతాను. స్కౌటు పిల్లలు ఖాకీ చొక్కాకు గుడ్డ బిళ్ళలు కుట్టుకుంటారు. ఏ ఊరి దళమో, ఏ మేళాకు వెళ్ళారో వాటిమీది కుట్టుపని చెబుతుంది. ఆ బిళ్ళలు కొని దాచుకునే నాలాంటివాళ్ళు తయారయ్యారు. మా వెనకే నకళ్ళు కుట్టి అమ్మేవాళ్ళూ తయారయ్యారు. నేను తెనాలిలో ఒక బట్టల కొట్లో గుమాస్తాను. నాలుగో ఫారంతో చదువు ఆగింది. ఆ తర్వాతి చదువంతా మా పేట గ్రంథాలయం పెట్టిన భిక్షే. ఇంగ్లీషు బీరువాను పై అర నుంచి మొదలుపెట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇప్పుడు మూడో అరలో ఉన్నాను. అద్దకం మీద, దారాల మీద, కుట్టుపని మీద అక్కడున్న పుస్తకాలన్నీ పూర్తిచేశాను. వాటి వల్ల నాకు తెలిసిందేమంటే, బిళ్ళను ముందుగా వెనక్కి తిప్పి చూడాలి. ముందువైపు ఎవడైనా నకలు చేస్తాడు. వెనకవైపు కోసం ఎవడూ అంత కష్టపడడు. నిజంగా ఎండలో తిరిగిన బిళ్ళ ముందువైపు వెలుస్తుంది, వెనక దారం కొత్తగానే ఉంటుంది. రెండువైపులా ఒక్కలాగే పాతబడి ఉంటే దాన్ని టీ నీళ్ళలో ముంచారని అర్థం.

నిజాము సంస్థానపు దళం పదేళ్ళ కిందట ఒక పెద్ద మేళాకు కుట్టించుకున్న బిళ్ళను నేను ఒక పుస్తకంలో బొమ్మగా చూశానే తప్ప కళ్ళారా చూడలేదు. దాని ఆచూకీ తెలిపేవారు రాయండని ఒక వారపత్రికలో నాలుగు ముక్కలు వేయించాను. సిద్దిపేట నుంచి నర్సింహులు అనే ఆయన కార్డు రాశాడు. తాను ఆ మేళాకు వెళ్ళాడట, బిళ్ళ తన దగ్గరే ఉందట, వచ్చి చూడవచ్చునట. అమ్ముతానని గాని, ఇంత ధర అని గాని రాయలేదు. ధర చెప్పని మనిషిని బట్టల కొట్లో పనిచేసేవాడు నమ్మడు. అయినా సెలవు పెట్టి బయలుదేరాను.

సరిహద్దు

రైలు సంస్థానంలోకి రాగానే సుంకం జవాన్లు ఎక్కారు. అక్కడ వాళ్ళను కరోడ్‌గిరి వాళ్ళంటారు. పొగాకు కోసం, కొత్త బట్టల కోసం వెతుకుతారు. నా సంచీలో వాళ్ళకు బిళ్ళల ఆల్బం దొరికింది. యుద్ధం రోజులు కదా, ఒక జవాను ప్రతి పుటా తిప్పి, ఇన్ని పల్టన్ల గుర్తులు ఒక్కడి దగ్గర ఎందుకున్నాయని అడిగాడు. ఇవి పల్టన్లవి కావు, పిల్లలవి అన్నాను. నీకెంతమంది పిల్లలన్నాడు. ఇంకా పెళ్ళి కాలేదన్నాను. దాంతో అతని అనుమానం రెట్టింపై రెండో జవానును కూడా పిలిచాడు. చివరికి బిళ్ళల వెనక జిగురు వాసన చూసి వదిలేశారు. నేను వెనకవైపు చూసే పద్ధతి వాళ్ళకూ తెలిసినట్టే ఉంది.

అక్కడి రూపాయి వేరు. మన రూపాయిని కల్దారు అంటారు, వాళ్ళది హాలీ. మన ఆరుకు వాళ్ళవి ఏడు వస్తాయి. నేను మార్చుకున్న ప్రతి నాణేన్నీ రాతి మీద మోగించి చూసుకున్నాను. మార్చినవాడు నేనిచ్చినవి నాకంటే ఎక్కువసార్లు మోగించాడు.

సిద్దిపేట

ఊళ్ళోకి వస్తుంటే ముందుగా వినిపించేది మగ్గాల చప్పుడు. నెత్తిన పాలకుండతో నిలబడ్డ గొల్లభామ బొమ్మను చీర అంచులో నేస్తారిక్కడ. కుట్టు కాదు, నేతే. వెనకవైపు తిప్పి చూపించమంటే సాలెవాడు ఏం తప్పు దొరికిందని అడిగాడు. మా తెనాలిలో కొత్తవాడు హోటల్లో కూర్చుంటే కాఫీయా, టిఫినా అని అడుగుతారు. ఇక్కడ చాయ్ పెట్టి, ఎవలింటికొచ్చినవని అడిగారు. జవాబు చెప్పేదాకా పక్క బల్లవాళ్ళు కూడా కప్పులు దించలేదు. బియ్యం కరువు వల్ల భోజనం అంటే జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. చింతపండు నీళ్ళలో పచ్చి ఉల్లిపాయ పిసికి చేసే ఆ పులుసును మొదటి పూట అనుమానంగా వాసన చూశాను. రెండో పూట అడిగి పోయించుకున్నాను.

నర్సింహులు హోటలుకే వచ్చాడు. పాతికేళ్ళవాడు, సన్నగా, నిటారుగా ఉంటాడు. హుస్నాబాద్ వైపు కల్లుగీత ఇంటివాడు. చిన్నప్పుడు సిద్దిపేటలో ఒక మాస్టరు ఇంట్లో పనిచేస్తూ చదువుకున్నాడట. ఆ మాస్టరే స్కౌటు దళం నడిపేవాడు. మేళాలో జెండా స్తంభం ఎక్కడానికి పనికొస్తాడని ఈ కుర్రవాణ్ణి ఎంచుకున్నాడట. మాస్టరు చనిపోయాడు, కాగితాలు చెదలు తినేశాయి. నేను వింటూ ఒక్కొక్క మాటనూ పక్కన పెట్టుకున్నాను. సాక్షి చనిపోవడం, కాగితాలు చెదలు తినడం రెండూ ఒకే మనిషికి జరిగితే జాగ్రత్తపడాలి.

తర్వాత అసలు సంగతి బయటపడింది. ఊళ్ళోని ఒక పాఠశాలకు డ్రిల్లు నేర్పే మాస్టరు కావాలి. స్కౌటు మేళాకు వెళ్ళివచ్చినవాడికే ఇస్తామన్నారు. నర్సింహులుకు ఆ ఉద్యోగం దొరికితే నెల జీతం, పిల్లల చేత మాస్టరు అనిపించుకోవడం. దొరక్కపోతే తిరిగి అన్న వెంట తాటిచెట్లే. కమిటీలో వాళ్ళు అతను మేళాకు వెళ్ళాడంటే నమ్మడం లేదు. బిళ్ళ నిజమైనదని నా నోటితో చెబితే చాలట.

"నిజమే చెప్పుండ్రి సారూ. చెప్పినంక బిళ్ళ మీరే తీస్కపోండ్రి," అన్నాడు.

అప్పుడు తెలిసింది కార్డులో ధర ఎందుకు రాయలేదో. నా నోటిమాటే ధర.

కమిటీ ముందు

పాఠశాల వరండాలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. హెడ్మాస్టరు ఖాసిం సాహెబు ముసలాయన, మెత్తని మనిషి, ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకుంటాడు. రెండో ఆయన బట్టల సాహుకారు రాజేశం, కమిటీలో పెద్ద గొంతు. ఆ ఉద్యోగం తన బామ్మర్దికి ఇప్పించాలని ఆయన చూస్తున్నాడని నర్సింహులు దారిలోనే చెప్పాడు. అది నిజమో, నన్ను తనవైపు తిప్పుకోవడానికి చెప్పాడో అప్పటికి నాకు తెలియదు.

బిళ్ళ నా చేతికి వచ్చింది. మూడు రేకుల పువ్వు, దానికింద కమాను. వెనక్కి తిప్పాను. దారం తాజా పసుపులో మెరుస్తోంది, ముందువైపు ఎండుగడ్డి రంగుకు వెలిసింది. టీ నీళ్ళ వాసన లేదు. అంచు కత్తిరించి వదిలేశారు, ఆ కాలపు పద్ధతి అదే. పుస్తకంలో బొమ్మకూ దీనికీ ఎక్కడా తేడా లేదు. బిళ్ళ నిజమైనదే అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ భూతద్దం తీశాక చూసిందంతా చెప్పడం నాకు అలవాటు. అంచు పొడుగునా సూది రంధ్రాలు రెండు వరుసలు ఉన్నాయని, ఒకటి ఎడం ఎడంగా, ఒకటి దగ్గర దగ్గరగా ఉందని కూడా చెప్పాను.

రాజేశం ముందుకు వంగాడు. "అంటే ఇది రెండు అంగీలెక్కింది. ముందుగాల ఎవనిదో, ఎనుక ఈనిది. బిళ్ళ నిజమే పంతులు. మనిషే అబద్ధం."

నర్సింహులు ముఖం మాడిపోయింది. అంగి ఒక్కటేనన్నాడు. మేళాలో తనే కుట్టుకుంటే వంకరగా వచ్చిందట, ఇంటికి వెళ్ళాక తల్లి విప్పి మళ్ళీ కుట్టిందట. అంగి ఏదని రాజేశం అడిగాడు.

"మా అన్న మోకుల ఉన్నది," అన్నాడు నర్సింహులు.

మోకు అంటే కల్లుగీసేవాళ్ళు నడుముకూ చెట్టుకూ కలిపి బిగించుకునే తాడు. నడుముకు ఒరుసుకునే చోట గుడ్డ చుట్టుకుంటారు. అంగి చినిగిపోయాక తల్లి బిళ్ళ విప్పి దాచి, బిళ్ళ ఉండిన జబ్బ దగ్గరి దళసరి గుడ్డ పెద్ద కొడుకు మోకుకు చుట్టిందట. రాజేశం నవ్వి ఊరుకున్నాడు. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. అతను చెప్పింది నిజమైతే ఆ గుడ్డ మీద కూడా రెండు వరుసల రంధ్రాలుండాలి, ఒకటి వంకరగా, ఒకటి తిన్నగా. అబద్ధమైతే ఒకటే ఉంటుంది. ఇంత సూటిగా తేలే పరీక్ష ఏ పుస్తకంలోనూ నాకు తగల్లేదు. కమిటీ శనివారం మళ్ళీ కూర్చుంటుందని ఖాసిం సాహెబు అన్నాడు. ఆలోపల వెళ్ళి చూసి వస్తానన్నాను. నేను వెళతానంటే రాజేశం ఎందుకంత తేలిగ్గా ఒప్పుకున్నాడా అని రాత్రి పడుకునేదాకా అనుకుంటూనే ఉన్నాను.

బొగ్గు బస్సు

పెట్రోలు యుద్ధానికి పోతోంది. బస్సులు బొగ్గు పొగతో నడుస్తున్నాయి. బస్సు వెనక ఇనుప పీపా ఒకటి ఉంటుంది, అందులో బొగ్గు మండుతుంటే యాదగిరి అనే మనిషి చక్రం తిప్పి గాలి కొడుతుంటాడు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా దిగి తోయాలి. టికెట్టు కొన్నవాళ్ళు తోయాలా అని నేనడిగితే, కొననోడు తోస్తనే ఉన్నడని యాదగిరి తనను చూపించుకున్నాడు. ఒక నిప్పురవ్వ నా పంచె మీద పడి రూపాయంత కన్నం చేసింది. నర్సింహులు వెంటనే తన కండువా ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. తీర్పు చెప్పవలసినవాడు కండువా కూడా తీసుకోకూడదని నా ఉద్దేశం. మిగతా దారంతా కన్నం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

కోహెడ

ఇక్కడ దిగి నడవాలి. దిగీ దిగగానే పోలీసు పటేలు కబురు పంపాడు. కొత్త మనిషి ఊళ్ళోకి వస్తే పై వాళ్ళకు తెలియజేయడం పటేలు పని. రాంరెడ్డి పటేలు ఆల్బం అంతా చూసి, వీటిలో జపాను వాళ్ళది ఏదని అడిగాడు. లేదన్నాను. ఉంటే చెబుతావా అన్నాడు. నేను ఆల్బం మూసేశాను. పక్కన నర్సింహులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను భయపెట్టి తనకు అనుకూలంగా చేసుకోవడానికి అతనే పటేలుకు ముందుగా చెప్పించాడేమో అనుకున్నాను. అంతలో పటేలు అతనివైపు తిరిగి, నువ్వు ఫలానావాని కొడుకువు కదా, ఈ పరదేశిని ఎందుకు తిప్పుతున్నవని గద్దించాడు. తిట్లు ఇద్దరికీ సమానంగా పడ్డాక నా అనుమానం కొంత తగ్గింది. పంపేముందు పటేలు మక్క గుడాలు పెట్టించాడు. ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలకు ఉప్పు, ఎర్రకారం పట్టించి పెడతారు. మా వైపు వీటిని పశువులకే ఎక్కువగా వేస్తాం. అడక్కుండానే రెండోసారి వడ్డించారు, కాదనలేదు.

తాళ్ళ నడుమ

ఆ పల్లె హుస్నాబాదుకు ఇవతల ఉంది. నర్సింహులు అన్న మల్లయ్య ఇల్లు ఊరి చివర, తాటిచెట్ల మొదట్లో. మేము వెళ్ళేసరికి ఆయన చెట్టు దిగుతున్నాడు. నర్సింహులు ముందుకు పోబోతే ఆపాను. అన్నదమ్ములు ముందుగా మాట్లాడుకుంటే పరీక్షకు విలువ ఉండదు. నేనే ఇద్దరికీ నడుమ నడిచి వెళ్ళి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, మీ మోకుకు చుట్టిన గుడ్డ చూడాలని అడిగాను.

మల్లయ్య నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నా చేతి సంచీ చూశాడు, భూతద్దం చూశాడు. మోకు భుజం మీదినుంచి తీసి ఇంట్లో పెట్టి వచ్చాడు.

"ఏ గుడ్డ? గా అంగి గుడ్డ ఎన్నడో పారేసినం," అన్నాడు.

నర్సింహులు ఒక అడుగు ముందుకు వేశాడు. "అన్నా, గదేంది?" అని మాత్రం అన్నాడు. మల్లయ్య వినిపించుకోనట్టు చేతులు కడుక్కున్నాడు. నాకు సంగతి తేలిపోయినట్టే అనిపించింది. గుడ్డ లేదు, రెండో వరుస ఉందో లేదో తెలిసే దారీ లేదు. ఇంత దూరం నడిచాక కొంచెం నిరాశగానే ఉంది గాని, మొదటినుంచీ అనుమానించినవాడికి నిరాశలో కూడా కొంత తృప్తి ఉంటుంది. వెళ్ళిపోతానన్నాను. మల్లయ్య భార్య లచ్చవ్వ తిని పొమ్మని పీట వేసింది. నర్సింహులు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, వదినె పిలిచినా లేవలేదు.

సంకటి లాంటి జొన్న గటక, తోటకూర పెట్టింది. వడ్డిస్తూ మెల్లిగా అడిగింది. "ఏ చెట్ల లెక్కకొచ్చిన్రు అయ్యా? మా చెట్లన్నిటికి నంబర్లు పడ్డయి. ఒర్రె పొంటి ఉన్నయి మావి గావు."

వాకిట్లో మల్లయ్య గట్టిగా దగ్గాడు. ఒర్రె అంటే వాగు. దాని పక్కన చెట్ల సంగతి నేను అడగనేలేదు. అప్పటికి నాకు వెలిగింది. ఇక్కడ గీసే ప్రతి తాటిచెట్టుకూ సర్కారు పన్ను కట్టి నంబరు వేయించుకోవాలి. నంబరు లేని చెట్టు గీస్తే ఆబ్కారీ వాళ్ళు వచ్చి పట్టుకుంటారు. సంచీతో, భూతద్దంతో వచ్చి, పలకరింపైనా లేకుండా మోకు చూపించమన్నవాడు ఆబ్కారీ మనిషి కాక మరెవరవుతాడు? తమ్ముడు వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాడంటే తమ్ముణ్ణి కూడా నమ్మడానికి లేదు. మల్లయ్య తమ్ముడి నోటికాడి కూడు తీసింది తన చెట్లను కాపాడుకోవడానికి.

చెయ్యి కడుక్కుని ఆల్బం తెచ్చి ఆయన ముందు తెరిచాను. ఎక్కడినుంచి వచ్చానో, ఎందుకు వచ్చానో, శనివారం ఏం జరగబోతోందో మొదటినుంచి చెప్పాను. మల్లయ్య పుటలన్నీ తిప్పాడు.

"గివి సూసుటానికి అంత దూరం వచ్చినవా?" అన్నాడు. "ఇంట్ల నిన్ను ఏమనరా?"

గోడ దగ్గర నర్సింహులు తలెత్తాడు. "అన్నా, నాకు కొలువు పోతది," అన్నాడు.

మల్లయ్య లోపలికి వెళ్ళి మోకు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. పైన చుట్టింది గోనెగుడ్డ. దాన్ని ఏడాదికోసారి తనే మారుస్తాడట. కింద ఖాకీ అంచు కొద్దిగా కనిపిస్తోంది. నేను వంగగానే అరచేయి అడ్డం పెట్టాడు.

"లోపలిది అవ్వ కట్టింది. అవ్వ పోయినంక ఎవ్వలు ఇప్పలే. రోజు దాని మీద పాణం పెట్టి ఎక్కుత. నీ కొరకు ఇప్ప."

అవ్వంటే అక్కడ అమ్మ. ఒక్కసారి చూసి మళ్ళీ కట్టేద్దామన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు. "నీకు జూపిస్తె నువ్వు పోయి చెప్తవు. నిన్నెవలు నమ్ముతరు, పంతులు? నా తమ్ముని ఏడ దొంగన్నరో, గాడనే ఇప్పుత."

లచ్చవ్వ కంగారుపడింది. చెట్టును పొద్దునా సాయంత్రం గీయాలట, ఒక్క రోజు తప్పినా అలుగుతుందట, ఆ తర్వాత కల్లు సరిగా దిగదట. మల్లయ్య తమ్ముణ్ణి తినమన్నాడు.

మళ్ళీ సిద్దిపేట

తిరుగు బస్సులో అన్నదమ్ముల వెనక బల్ల మీద కూర్చున్నాను. దారిలో గుడ్డకు కొత్త రంధ్రాలు పొడవకుండా చూసుకోవాలి కదా. మల్లయ్య మోకును ఒళ్ళోనుంచి దించలేదు. ఎత్తు దగ్గర అందరం దిగి తోసినప్పుడు దాన్ని భుజాన వేసుకునే తోశాడు. యాదగిరి తన బస్సుకు మోకు కడితే ఎక్కుతుందేమో అడగమన్నాడు. మల్లయ్య మొదటిసారి నవ్వాడు.

శనివారం వరండాలో అవే రెండు కుర్చీలు, అవే రెండు ముఖాలు. నేను నోరు తెరవకముందే రాజేశం అడిగాడు. "ముందుగాల గిది చెప్పు పంతులు. ఈన నీకేమిస్తనన్నడు?"

ఎలా తెలిసిందో తెలియదు. హోటల్లో పక్క బల్లవాళ్ళు ఆరోజు కప్పులు దించకుండా విన్నదంతా గాలికి పోలేదన్నమాట. బిళ్ళ ఇస్తానన్నాడని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఖాసిం సాహెబు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు నచ్చలేదు. నర్సింహులు నేల చూస్తున్నాడు. ఆ బిళ్ళ కోసం ఏళ్ళుగా ఎదురుచూసినవాణ్ణి. అయినా, నాకు వద్దు, ఇచ్చినా పుచ్చుకోను అని పదిమంది వినేలా చెప్పాను. రాజేశం నమ్మినట్టు కనబడలేదు. నేనూ ఆయన్ను నమ్మలేదు కనుక ఆ లెక్క సమంగానే ఉంది.

మల్లయ్య చెప్పులు విడిచి వరండా మీదికి వచ్చి కూర్చున్నాడు. గోనెగుడ్డ విప్పాడు. లోపలి ముడి బిగిసిపోయింది. కత్తి ఇస్తానంటే వద్దన్నాడు. పంటితో సడలించి, వేలితో లాగి, చాలాసేపటికి విప్పాడు. ఖాకీ గుడ్డ నాలుగు మడతల మీద ఉంది. చివరి మడత తీసేసరికి నేను భూతద్దం తీయవలసిన అవసరమే లేకపోయింది. వెలిసి మట్టిరంగుకు తిరిగిన గుడ్డ నడుమ, బిళ్ళ ఆకారంలో, కొత్త ఖాకీ రంగు అలాగే మిగిలి ఉంది.

బిళ్ళ అందుకోబోతుంటే రాజేశం నా చెయ్యి పక్కకు నెట్టి తనే తీసుకున్నాడు. గుడ్డలతో బతికేవాడు, ఆయనకు నా అవసరం లేదు. బిళ్ళను ఆ రంగు మీద పెట్టి వెలుతురువైపు పట్టుకున్నాడు. దగ్గర దగ్గర రంధ్రాలు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. వాటిలో ఒకటి రెండింటిలో పాత దారం తెగిన కొసలు ఇంకా ఉన్నాయి. ఎడం రంధ్రాలు కలవలేదు. ఆయన ముఖం కొంచెం తేటపడింది. తర్వాత బిళ్ళను మెల్లిగా కుడివైపుకు వంచాడు. వంచుతూ వంచుతూ ఒకచోట ఆగిపోయాడు. రెండో వరుస కూడా కూర్చుంది, బాగా వాలిపోయి, పువ్వు పక్కకు ఒరిగేటట్టు. పదేళ్ళ కిందట ఎక్కడో ఒక మేళా డేరాలో ఒక కుర్రవాడు అద్దం కూడా లేకుండా ఎంత వంకరగా కుట్టుకున్నాడో అంత వంకర.

రాజేశం బిళ్ళనూ గుడ్డనూ ఖాసిం సాహెబు ముందుకు తోశాడు.

"వీనికి కుట్టుడు రాదు," అన్నాడు. "పిల్లలకు ఏం నేర్పుతడో ఏమో."

ఖాసిం సాహెబు ఈసారి గొంతు సవరించుకోకుండానే నవ్వాడు. మాస్టరు సాబ్ అని నర్సింహులును పిలిచి, సోమవారం నుంచి రమ్మన్నాడు. నర్సింహులు వంగి సలాం చేయబోయి, సగంలో ఆగి, నిటారుగా నిలబడి స్కౌటు పద్ధతిలో మూడు వేళ్ళు నుదుటికి తాకించాడు. నకలు సలాము కాదని నాకు తెలుసు, పుస్తకంలో బొమ్మ ఉంది.

అందరూ లేచాక అతను బిళ్ళ తెచ్చి నా ముందు చాపాడు. వద్దని చెప్పిన మనిషినే, కానీ నా చెయ్యి కొంత దూరం వెళ్ళింది. మల్లయ్య మధ్యలోనే దాన్ని అందుకున్నాడు.

"వాడు ఇస్తనన్నడు. నేను అన్లే. గుడ్డ నాది. అవ్వ రెండు కలిపి కుట్టింది," అన్నాడు.

నర్సింహులు అడ్డు చెప్పలేదు. ఎల్లుండి నుంచి అతని చొక్కాకు పాఠశాల బిళ్ళ ఉంటుంది. మల్లయ్య పాత బిళ్ళను ఖాకీ మీది ఆ ముదురు రంగు చోట పెట్టాడు, తిన్నగా ఉన్న వరుస మీద. నాలుగు మడతలూ వేసి మోకుకు చుట్టి, ముడి బిగించి, పైన గోనెగుడ్డ కట్టాడు. తర్వాత వరండా రాతి స్తంభం చుట్టూ మోకు వేసి, నడుము ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి వాలి మొత్తం బరువు దానిమీద వేశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ముడి సడలలేదని నమ్మకం కుదిరాకే భుజాన వేసుకున్నాడు. వరండాలో ఎవరి మాటనూ ఆయన అంత తేలిగ్గా నమ్మలేదు, తన ముడినీ నమ్మలేదు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఈ కథనంలో నిజమన్నది ఏమైనా ఉంటే అది కొందరి చలవ. పంచె కాల్చినా ఊరు చేర్చిన యాదగిరికి, అనుమానిస్తూనే గుడాలు పెట్టించిన రాంరెడ్డి పటేలుకు, తొందరపడి తీర్పు చెప్పని ఖాసిం సాహెబుకు నమస్కారాలు. రాజేశానికి కూడా. ఆయన అంత గట్టిగా కాదనకపోతే ఆ ముడి విప్పవలసిన పని పడేది కాదు, పైగా నిజం చూశాక ఆయన కళ్ళు మూసుకోలేదు. అడగని చెట్ల సంగతి చెప్పి నా కళ్ళు తెరిపించిన లచ్చవ్వకు, నేను పుచ్చుకోని కండువాను మనసులో పెట్టుకోని నర్సింహులు మాస్టరుకు. చివరగా మల్లయ్యకు. ఆ బిళ్ళ రోజుకు రెండు పూటలా ఆయనతో తాటిచెట్టు ఎక్కి దిగుతోంది. కానీ ఆ శనివారం ఆయన ఏ చెట్టూ ఎక్కలేదు. లచ్చవ్వ చెప్పిన ప్రకారం అవి అలిగే ఉంటాయి. మళ్ళీ ఎప్పటికి మెత్తబడ్డాయో నాకు తెలియదు.